ఇరవయ్యో పనిదినం

పదకొండు రోజులుగా డ్రూ గెడ్డెస్ ఇంట్లో మాట్లాడుతున్నది రేడియోతోనే.

"ఇవాళ కూడా వానేనంట," అంటాడు దాంతో. "జావలో ఉప్పు చాల్లేదు," అంటాడు. ఆ జావ కాచిన మనిషి, అతని పెళ్ళాం నెట్టా, రెండడుగుల దూరంలో నిలబడే ఉంటుంది. ఆవిడ చెవిన పడాలనే అంటాడు. ఆవిడతో మాత్రం అనడు.

ఆ సోమవారం పొద్దున నెట్టా ఉప్పు డబ్బా తెచ్చి రేడియో ముందు పెట్టింది. "దాన్నే వెయ్యమను," అని కోటు తొడుక్కుంది.

డ్రూ చేతిలో చెంచా ఆగింది. అది బడి వంటగదికి వేసుకెళ్ళే పాత కోటు కాదు. చర్చికీ చావులకీ తీసే నల్లకోటు.

"ఎక్కడికి?" అన్నాడు. ఈసారి రేడియోతో కాదు.

"సంఘం ఆఫీసుకి. ఇవాళ్టితో ఇరవై పనిదినాలు. జవాబు తెచ్చుకోవాలి."

"వెళ్ళకు నెట్టా."

పదకొండు రోజుల తర్వాత మొగుడి నోట తన పేరు వింటే ఏ ఆడదానికైనా కాళ్ళు ఆగుతాయి. ఆవిడకీ ఆగాయి. ఎందుకెళ్ళకూడదో చెబితే కోటు విప్పి కూర్చుంటానంది.

డ్రూ జావ గిన్నెలోకి చూశాడు. అందులో ఏదో రాసి ఉన్నట్టు చాలాసేపు చూశాడు.

"చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పవా?"

డ్రూ చెయ్యి చాచి రేడియో గొంతు పెంచాడు.

గొడవంతా ఒక గోడ గురించి. పధ్నాలుగో నంబరు మెట్లదారిలో ఎనిమిది ఇళ్ళు. కింద నెట్టా, డ్రూ. అన్నిటికన్నా పై అంతస్తులో పడమటి చివర, రెండున్నరేళ్ళుగా, వాళ్ళ కూతురు కిర్స్టీన్, ఆరేళ్ళ మనవరాలు ఐల్సా. ఆ ఇంటి వెనకగదిలో గోడ ఎప్పుడూ తడే. తుడిస్తే పోయే చెమ్మ కాదది, తుడిచిన గుడ్డని నల్లగా చేసి మళ్ళీ పుట్టే చెమ్మ. అక్టోబరులో ఐల్సాకి ఊపిరందక రెండోసారి ఆసుపత్రిలో పడుకోబెట్టారు.

ఇళ్ళు అద్దెకిచ్చే గృహసంఘం వాళ్ళు మొదటి చలికాలమే వచ్చి చూశారు. ఇంట్లో బట్టలారేస్తున్నారు, కిటికీలు తెరవడం లేదు, అందుకే ఇలా అయిందని ఒక కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళారు. క్లైడ్ నది మీంచి వాన అడ్డంగా కొట్టే కిల్‌బ్రానీలో, చలికాలంలో కిటికీలు తెరుచుకోమన్న కరపత్రం.

అంతకుముందే, మూడేళ్ళ కిందట, సంఘం పంపిన ఒకాయన నిచ్చెన వేసుకొచ్చి ఆ గోడని బయటినుంచి రాయి రాయీ తట్టి చూశాడు. కిర్స్టీన్ ఎదురింటి ముసలావిడ ఎఫీకి బాగా గుర్తు. తన ఇంట్లో రెండు కప్పుల టీ తాగి, అంతా రాసుకున్నానమ్మా అని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ రాసుకున్నది చూపించమని కిర్స్టీన్ ఎప్పుడో అడిగింది. మేం సర్కారు ఆఫీసు కాదు, చూపించాల్సిన పని లేదు, అని సంఘం జవాబిచ్చింది.

నిజానికి ఆ ఇళ్ళు ఒకప్పుడు ఊరి కౌన్సిల్‌వే. కౌన్సిల్‌ని అడిగితే చెప్పి తీరాలి, చట్టముంది. పన్నెండేళ్ళ కిందట ఊరంతా ఓట్లేసి ఇళ్ళని సంఘానికి అప్పగించింది. అవే తలుపులు, అదే గోడ, అదే వాన. మారింది బోర్డు ఒక్కటే. ఆ బోర్డుతోపాటు అడిగే హక్కు కూడా దిగిపోయిందని అప్పుడెవరూ చూసుకోలేదు.

మన ఇళ్ళు మన చేతికే వస్తాయని అప్పట్లో తలుపు తలుపూ తట్టి ఓట్లడిగినవాళ్ళలో డ్రూ ముందున్నాడు. ఓడల రేవులో కర్రపని చేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి, మాటంటే మాటే. అందుకే అద్దెకున్నవాళ్ళ తరఫున సంఘం కమిటీకి పంపారు. పదేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

ఈ నవంబరు పదకొండున చట్టం మారింది. గృహసంఘాలు చేసేది కూడా ఊరి పనే కాబట్టి, అడిగితే ఇరవై పనిదినాల్లో ఊరికి జవాబు చెప్పి తీరాలంది. గోడ గురించి రాసుకున్నది చూపించమని ఆ రోజే పధ్నాలుగో నంబరు వాళ్ళు ఉత్తరం రాశారు. రాయడంలో ఒక తెలివితక్కువ పని చేశారు.

మెట్లు కడిగే వంతు ఎవరిదో చెప్పే అట్టముక్క ఒకటి ప్రతి మెట్లదారిలోనూ ఉంటుంది. తన వంతు అయిపోగానే దాన్ని పక్కింటి తలుపు పిడికి తగిలించేస్తారు. ఉత్తరం కూడా ఆ అట్టతోపాటే తలుపు నుంచి తలుపుకి ఎక్కింది. ఎవరూ ఎవరి ఇల్లూ తట్టలేదు. ఎవరూ పేరు రాయలేదు. అడుగున 'పధ్నాలుగో నంబరు మెట్లదారి వాళ్ళు' అని పెట్టి ఊరుకున్నారు. ఈ ఊళ్ళో పిల్లలు నేర్చే మొదటి తిట్టు 'చాడీకోరు'. అది ఎనభై ఏళ్ళొచ్చినా ఒంటికి పడదు.

ఉత్తరం నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. అడిగే మనిషికి పేరుండాలట, మెట్లదారి పేరు పనికిరాదట. శని, ఆదివారాలు ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మెట్ల మీద ఎదురుపడితే వాన గురించి మాట్లాడుకున్నారు. సోమవారం పొద్దున నెట్టా వంటింటి బల్ల దగ్గర కూర్చుని కొత్త ఉత్తరం రాసి, కింద తన పేరు నిండుగా రాసి, తనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

డ్రూకి చెప్పలేదు. డిసెంబరు అయిదున కమిటీలో, కొత్త చట్టం కింద మనకొచ్చిన మొదటి అర్జీ ఇదీ అని డైరెక్టరు ఒక కాగితం చూపించింది. పేరు చదవలేదు. చదవక్కర్లేకపోయింది. ఆ చేతిరాత డ్రూ ముప్పై అయిదేళ్ళుగా కిరాణా చీటీల మీద చూస్తున్నదే.

ఆ సాయంత్రం నుంచే రేడియోతో కాపురం.

*

సంఘం డైరెక్టరు జిలియన్ పర్డీ మర్యాదస్తురాలు. నెట్టాని లోపల కూర్చోబెట్టి, టీ ఇచ్చి, బల్ల మీద క్యాలెండరు తిప్పి చూపించింది.

"గడువు ఇవాళ కాదండీ, గెడ్డెస్ గారూ. రేపు."

నెట్టా వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. నవంబరు పంతొమ్మిదిన మొదలు, శని ఆదివారాలు తీసేసింది, ఇవాళ్టికి ఇరవై.

"డిసెంబరు రెండు తీసేశారా? సెయింట్ ఆండ్రూ పండగ శనివారం పడింది కదా, సెలవు ఆ సోమవారానికి జరిగింది. చట్టం దాన్ని పనిదినంగా లెక్కెయ్యదు."

నెట్టాకి నవ్వొచ్చింది. ఆ సోమవారం తను బడిలో రెండు వందల అరవై మంది పిల్లలకి కీమా, బంగాళాదుంపలు వడ్డించింది. ఆ సోమవారమే కిర్స్టీన్ ఇదే ఆఫీసుకి హీటరు గురించి ఫోను చేస్తే ఇదే ఆఫీసు ఎత్తింది. ఊరంతా పనిచేసిన పండగ అది. ఆ మాటే అంది.

పర్డీ కూడా నవ్వింది. "నిజమే. కానీ చట్టం కావాలన్నది మీరు. చట్టం చెప్పినట్టు ఆగాల్సింది కూడా మీరే కదండీ."

"ఆగుతాను. మూడేళ్ళు ఆగాం, ఒక్కరోజుకి ఏం పోయింది? రేపన్నది ఎల్లుండి కాకపోతే చాలు."

కాదని పర్డీ మాటిచ్చింది. మేం చాలామంది కంటే మంచివాళ్ళమేనండీ అని కూడా అంది. పనిచేసేది తక్కువమంది, ఇళ్ళు తొమ్మిది వందలు, కాగితాలు వెతకడానికే ఒక మనిషి కావాలి. కమిటీలో కూర్చునేవాళ్ళు జీతం లేకుండా కూర్చునే మీలాంటివాళ్ళే, ఇలా ప్రతిదీ బయటపడుతుందంటే రేపు ఎవరు ముందుకొస్తారు? అన్నీ నిజాలే. నెట్టా కాదనలేదు.

"కౌన్సిల్ పని మీరు చేస్తున్నారు," అంది. "కౌన్సిల్ చెప్పే జవాబు కూడా మీరే చెప్పాలి. పని తీసుకుని జవాబు వదిలేస్తానంటే ఎలా?"

పర్డీ కప్పు కింద పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించింది.

"ఒక్క మాట. రేపు కాగితాలు తీసుకునేలోపు... ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి."

"ఇంట్లో ఎవరితో?"

డైరెక్టరు తలుపు తెరిచి పట్టుకుంది.

*

నెట్టా ఇంటికి పోలేదు. తిన్నగా పై అంతస్తుకి ఎక్కింది.

ఎఫీ తన గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుని ఉంది. పొద్దున ఎనిమిదింటికి రావలసిన ఆయా పదకొండైనా రాలేదు. కౌన్సిల్ ఆ పనిని ఒక కంపెనీకిచ్చింది, కంపెనీ వారానికొక కొత్త పిల్లని పంపుతుంది. సమయానికి రాకపోతే అడగడానికి ఫోను నంబరుంది. మోగుతూనే ఉంటుంది.

"తెచ్చావా పిల్లా?" అంది.

రేపంట అని నెట్టా పండగ సంగతి చెబితే ఎఫీ పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది. "ఆ ముని చచ్చి రెండు వేల ఏళ్ళు. ఇంకా సంఘానికి పనికొస్తున్నాడు." తర్వాత తన కాళ్ళకేసి చూసుకుంది. "చట్టం మన మెట్లు ఎక్కిందిలే. నా కాళ్ళు కడగడానికి పిల్లని పంపే కంపెనీ దాకా ఎప్పుడు నడుస్తుందో. అది వచ్చేదాకా నేనుంటానో లేదో. ఉంటే మాత్రం మొదటి ఉత్తరం నాది. పేరు పెట్టి రాస్తా."

కిర్స్టీన్ తలుపు తీసింది. ఐల్సా బడికి పోలేదు, సోఫాలో దుప్పటి కప్పుకుని బొమ్మలకి రంగులేస్తోంది. దగ్గినప్పుడల్లా గీత పక్కకి పోతోంది. పోయిన ప్రతిచోటా ఒక మేఘం చేసి సరిపెడుతోంది. బొమ్మలో చాలా మేఘాలున్నాయి.

కిర్స్టీన్ తల్లిని వంటింట్లోకి తీసుకెళ్ళి నెమ్మదిగా అడిగింది, నాన్న ఇంకా మాట్లాడటం లేదా అని. తన కోసం వాళ్ళిద్దరూ ఇలా అవడం ఆమెకి బాధ. ఆ ఉత్తరం వెనక్కి తీసుకున్నా తనకి అభ్యంతరం లేదంది. "నాన్న తప్పేముందమ్మా ఇందులో? ఆయనకేమైనా తెలిస్తే నాకు చెప్పడా? ఆ గోడకి ఏటా రంగు వేస్తున్నది ఆయనే. క్రిస్మస్‌లోపు మళ్ళీ వేస్తానన్నాడు."

నెట్టా వెనకగదిలోకి వెళ్ళింది.

పసుప్పచ్చ గోడ. మూలన పొక్కులు లేచి అరచేయంత మేర రంగు వేలాడుతోంది. నెట్టా గోటితో పట్టి లాగింది. పెచ్చు తడిసిన రొట్టెలా ఊడొచ్చింది. పైన పసుపు. దాని కింద పాలమీగడ రంగు. దాని కింద మళ్ళీ పసుపు. అన్నిటికన్నా అడుగున, మందంగా, బూడిదరంగు.

ఆ బూడిదరంగు ఆవిడకి తెలుసు. దాని వాసన పెళ్ళయిన కొత్తలో మొగుడి బట్టల్లోంచి పోయేది కాదు. ఓడ అడుగున నీళ్ళు లోపలికి రాకుండా పూసేది అది. పసిపిల్ల పడుకునే గదికి ఎవరూ వెయ్యరు. గోడలోంచి నీళ్ళొస్తాయని ముందే తెలిసినవాడు తప్ప.

అది మొట్టమొదటి పూత. కిర్స్టీన్ సామాను ఇంకా పైకి ఎక్కకముందు వేసిన పూత.

"ఏంటమ్మా?" అంది కిర్స్టీన్ వెనకనుంచి.

"ఏం లేదు," అంది నెట్టా. పెచ్చుని నల్లకోటు జేబులో వేసుకుంది.

*

మంగళవారం బడిలో క్రిస్మస్ భోజనం. నెట్టా టర్కీ ముక్కలు వడ్డించి, చిన్న క్యాబేజీలు వద్దని ఏడ్చేవాళ్ళకి తలా ఒకటి తప్పదని చెప్పి, మూడున్నరకి పెద్ద గిన్నెలు కడిగి, నాలుగుంపావుకి సంఘం ఆఫీసులో నిలబడింది. పర్డీ ఆవిడ తలకేసి చూసింది. పిల్లలు పెట్టిన ఎర్రకాగితం కిరీటం ఇంకా తల మీదే ఉంది. నెట్టా తీయలేదు. చెయ్యి చాచింది.

కవరు బరువుగానే ఉంది. మాటిచ్చినట్టే ఇచ్చాం అంది పర్డీ. అవును, ఇచ్చారు, అంది నెట్టా. ఇద్దరూ ఒకరికొకరు పండగ శుభాకాంక్షలు చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి బయట చీకటి పడిపోయింది. డ్రూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రేడియో మోగడం లేదు.

నెట్టా కవరు చించి, కళ్ళజోడు పెట్టుకుని, పైకే చదివింది. పడమటి గోడలో రాళ్ళ మధ్య సున్నం చాలామేర రాలిపోయింది. వాననీరు లోపలికి దిగుతోంది. ఇది లోపల నివసించేవారి అలవాట్ల వల్ల వచ్చిన తేమ కాదు. పన్నెండు నెలల్లోపు బాగుచేయాలి. కింద తారీకు, రెండు వేల పదహారు నవంబరు.

రెండోది కమిటీ సమావేశపు రాత. రెండు వేల పదిహేడు ఫిబ్రవరి. గోడ పని వాయిదా వెయ్యాలని ప్రతిపాదించినవారు, అక్కడ ఒక నల్లగీత. బలపరిచినవారు, అక్కడ ఇంకో నల్లగీత. అందరూ ఒప్పుకున్నారు.

"పేర్లు కొట్టేశారు," అంది నెట్టా. "ఫరవాలేదు. మళ్ళీ చూడమని అడగొచ్చట, ఇక్కడే రాశారు. గీతలు తీయమని రేపే రాస్తాను."

"కాగితం దండగ," అన్నాడు డ్రూ. చేతులు రెండూ బల్ల మీద పరిచి పెట్టాడు. "రెండో గీత కింద ఉన్నది నేనే."

నెట్టా జేబులోంచి రంగు పెచ్చు తీసి ఆ చేతుల మధ్య పెట్టింది. బూడిదరంగు పైకి ఉండేట్టు.

డ్రూ దాన్ని ముట్టుకోలేదు. చెప్పడం మొదలుపెట్టాడు, ఒక్కొక్క మాటా మేకు పీకినట్టు. ఆ ఏడు ఒక్క పెద్దపని చేయడానికే వీలుంది. అయితే పడమటి గోడ, లేకపోతే రేవు వీధిలో ముసలివాళ్ళ ఇళ్ళకి కొత్త హీటర్లు. అతని తల్లి అప్పుడు రేవు వీధిలో ఉంది. కోటు, చేతి తొడుగులు వేసుకుని పడుకునేది. ఇక్కడ పై అంతస్తు ఇల్లు అప్పటికి ఖాళీ, అది కిర్స్టీన్‌కే వస్తుందని అప్పుడెవరికి తెలుసు.

"నువ్వే అన్నావు నెట్టా. ఆ కమిటీలో కూర్చుని ఏం లాభం, కన్నతల్లికి వెచ్చటి గది ఇప్పించలేనోడివి అని."

అంది. ఆ శీతాకాలం ముసలావిడ పక్కలోకి రబ్బరు సంచుల్లో వేడినీళ్ళు నింపింది తనే. నింపుతూ అంది. నెట్టా కళ్ళజోడు తీసి, తల మీది కాగితం కిరీటం కూడా తీసి మడతపెట్టింది.

లేచి, చుక్క చుక్కగా కారుతున్న వంటింటి పంపుని గట్టిగా బిగించింది.

"నేనా మాట వెనక్కి తీసుకోను," అంది. "ఓటు తప్పని కూడా అనను. మీ అమ్మ ఆఖరి చలికాలం వెచ్చగా వెళ్ళిపోయింది. తప్పు ఆ కింది వాక్యంలో ఉంది. చదవనా?"

డ్రూ వద్దనలేదు. ఆవిడ చదివింది. గోడ పని జరిగేలోగా, తేమ గురించి ఫిర్యాదు చేసేవారికి గాలి వెలుతురు అలవాట్లపై కరపత్రం ఇవ్వాలి.

"గోడ సంగతి తెలిసీ కరపత్రం ఇచ్చారు. ఐల్సా నీలంగా మారిపోతుంటే, బట్టలు ఇంట్లో ఆరేసిన నీదే తప్పని దాని తల్లితో అన్నారు. కిర్స్టీన్ రెండేళ్ళు ఆ మాట నమ్మింది డ్రూ. వానలో బట్టలు బయటేసి, తడివే లోపలికి తెచ్చుకుని ఏడ్చింది. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"లోపలి మాట బయట చెప్పనని సంతకం పెట్టాను."

"రంగు డబ్బా మోసుకుని పైకెక్కినప్పుడు ఆ సంతకం ఎక్కడ పెట్టావు?"

డ్రూ మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. రేపే రాజీనామా రాసిస్తానన్నాడు.

"రాయవు. జనవరి సమావేశం దాకా ఆ కుర్చీలోనే కూర్చుంటావు. గోడ సంగతి నువ్వే ఎత్తుతావు. నీకా కుర్చీ ఇప్పించింది ఈ ఎనిమిది తలుపులే, దిగిపోవాలో వద్దో చెప్పేది కూడా అవే." నెట్టా బల్ల సొరుగు లాగి తెల్లకాగితం తీసింది. "నేను మాత్రం ఉత్తరం రాస్తాను. గీతలు తీయమని."

"చెప్పాను కదా నేనేనని."

"నీది చెప్పావు. మొదటి గీత కింద ఎవరు?"

డ్రూ తల అడ్డంగా ఊపాడు. రేవులో నలభై ఏళ్ళు పనిచేశాడు, ఎవరి పేరూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. మేస్త్రీ తిట్టినా, జీతం కోసినా ఎత్తలేదు. "అది నన్నడగొద్దు."

"నిన్నడగను. ఆఫీసుని అడుగుతాను. పక్కింటివాడు పక్కింటివాడి మీద చాడీ చెప్పక్కర్లేకుండానే కదా ఈ చట్టం. మనమూ మనమూ కొట్టుకోకుండా అడగాల్సినవాళ్ళని అడగడానికి." కలం మూత తీసింది. తీసి, ఆగింది. "పైనున్న కిర్స్టీన్‌కి చెప్పేది ఎవరు? నువ్వా, ఈ కాగితాలా?"

డ్రూ లేచాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. చెయ్యి కవరు మీదికి వెళ్ళింది.

"అది ఇక్కడుంచు," అంది నెట్టా. "అది ఇస్తే చదువుకుంటూ కూర్చుంటుంది, నీ మొహం చూడదు. ముందు నువ్వు చెప్పు. కాగితం నేను తర్వాత తెస్తా."

అతను కవరు వదిలేశాడు. మోకాళ్ళ దగ్గర అరిగిపోయిన పాత పంట్లాంతో, ఇంటి చెప్పులతో గుమ్మం దాటాడు. నెట్టా తలుపు తెరిచే ఉంచింది.

యాభై నాలుగు మెట్లు. మలుపు మలుపుకీ ఆగడం వినిపించింది. రెండో అంతస్తు దగ్గర మరీ ఎక్కువసేపు ఆగాడు. తిరిగొస్తాడేమో అనుకుంది. రాలేదు. మళ్ళీ అడుగులు పైకే వెళ్ళాయి.

తలుపు తట్టిన చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. దాని వెంట ఐల్సా దగ్గు, దాని మీంచి కిర్స్టీన్ గొంతు, సంతోషంగానే.

"నాన్నా, నువ్వా? రంగు వేసేది ఆదివారమన్నావు?"

డ్రూ ఏదో అన్నాడు. గొంతు చిన్నది, మాటలు కిందికి రాలేదు. చాలాసేపు అన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా కిర్స్టీన్ అడ్డం రాలేదు. తండ్రి మాట్లాడుతుంటే ఆ పిల్ల అడ్డం రాకపోవడం నెట్టా ఎప్పుడూ వినలేదు.

తర్వాత తలుపు మూసుకుంది. విసిరినట్టు కాదు. నెమ్మదిగా, గొళ్ళెం పడేదాకా.

అతన్ని లోపలికి రానిచ్చి మూసిందో, బయట నిలబెట్టి మూసిందో కింద నుంచి తెలియలేదు. నెట్టా కలం పట్టుకుని, మెట్ల మీద అడుగులు దిగి వస్తాయేమోనని చెవి పెట్టి కూర్చుంది.

ఏ అడుగులూ దిగి రాలేదు.